నాడీతంతువు తన త్రోవను కనుగొను విధము

పదునెనిమిది సంవత్సరముల క్రిందట, నేనింకను బడిలో పనిచేయుచున్న దినములలో, పెరటిలో అరటిగెల కోయబోయి కొడవలి జారి కుడి మణికట్టున గాయపడితిని. రక్తము నిలిచినది, చర్మము మానినది. కాని బొటనవ్రేలును, చూపుడువ్రేలును, నడిమివ్రేలును స్పర్శ నెరుగకపోయెను. సుద్దముక్కను పట్టుకొంటినో లేదో కంటితో చూచుకొన్నగాని తెలియకుండెను. శస్త్రవైద్యుడు తెగిన నాడికొనలను రెంటిని దరిజేర్చి కుట్టి, "తొందరపడకుడు. తెగిన నాడి దినమునకు సుమారొక మిల్లీమీటరు చొప్పున పెరిగి వచ్చును" అని చెప్పెను. ఆయన మాట నిజమయ్యెను. అరచేయి దాటి వ్రేలికొనలకు వచ్చుటకు ఆరేడు నెలలు పట్టినది. మొదట చీమలు ప్రాకినట్లు తోచెను. పిదప వేడియు, చల్లదనమును తెలిసెను. నేటికిని ఒక చిన్న దోషము మిగిలియున్నది. కన్నులు మూసికొని చూపుడువ్రేలిని తాకినయెడల ఒక్కొక్కప్పుడు నడిమివ్రేలిని తాకినట్లుండును. పెరిగి వచ్చిన తంతువులలో కొన్ని తమ యిల్లు విడిచి పొరుగింట జొరబడినవన్నమాట.

మూడేండ్ల క్రిందట నా పూర్వశిష్యుడొకడు తాడిచెట్టెక్కి కల్లు దింపుచు మోకు తెగి క్రింద పడెను. వెన్నెముక విరిగి, అందలి వెన్నుపాము నలిగినది. నడుమునకు దిగువను చలనము లేదు, స్పర్శ లేదు. నేను పరామర్శింపబోయినపుడు అతడు నా చేతివంక చూచి, "పంతులుగారూ, మీ చేతికి తెలివి వచ్చింది గదా, నా కాళ్ళకెందుకు రాదు?" అని యడిగెను. నలువది యేండ్లు బడిలో ప్రశ్నలు వేసిన నాకు ఆ ప్రశ్న ముందు నోట మాట రాలేదు. సమాధానము నెరుగగోరి నేను చదువ మొదలిడితిని. చదివిన కొలదియు ఆ ప్రశ్న యొక గొప్ప చరిత్రకు కొనయని తెలిసికొంటిని. ఆ చరిత్రను నేడు మీకు విన్నవించుచున్నాను.

ముందుగా నాడీతంతువనగా నేమో చెప్పవలెను. మన యోగశాస్త్ర గ్రంథములు డెబ్బదిరెండువేల నాడులను పేర్కొనినవి. ఆ నాడులును, వైద్యులు శరీరమును కోసి చూచు నాడులును ఒకటియేయని వాదించుట నా యుద్దేశము కాదు. అవి సాధకులు చెప్పిన మాటలు, ఇవి సూక్ష్మదర్శినిలో కనబడు వస్తువులు. ఈ రెండవ నాడులకు మూలము నాడీకణము. కంటికానని యంత చిన్నదైన యీ కణమునుండి సన్నని పోగొకటి బయలుదేరును. అదియే తంతువు. మన కాలివ్రేళ్ళను కదలించు తంతువులు నడుమునొద్ద వెన్నుపాములో పుట్టి పాదము వరకు, అనగా సుమారొక మీటరు దూరము సాగియుండును. మనుష్యుని మెదడులో ఇట్టి కణములు సుమారు 8,600 కోట్లున్నవని లెక్కవేసిరి. ఒక్క కంటినుండి మెదడునకు పోవు నాడిలోనే దాదాపు పదిలక్షల తంతువులు కలవు. ఇవి యన్నియు గర్భములో శిశువు పెరుగునపుడు ఒక్కొక్కటిగా బయలుదేరి, కోట్లాది కణముల నడుమనుండి తమకు తగిన చోటికి చేరుకొనవలెను. కంటి తంతువు చెవి స్థానమునకు పోరాదు. చేతికి పోవలసినది కాలికి పోరాదు. త్రోవ చెప్పువారెవరు?

నూటయేబది సంవత్సరముల క్రిందట ఈ ప్రశ్న నడుగుటకు కూడ వీలులేకుండెను. ఏలయన, తంతువు పెరుగుచున్నదా లేదా యనుటయే వివాదములో నుండెను. కొందరు అనేక కణములు గొలుసువలె కలిసికొని తంతువుగా మారునని చెప్పిరి. హెన్సెన్ అను జర్మను పండితుడు పిండములోని కణముల నడుమ మొదటినుండియు సన్నని వంతెనలుండుననియు, అవియే తరువాత తంతువులగుననియు చెప్పెను. విల్హెల్మ్ హిస్ అను మరియొక విద్వాంసుడు మాత్రము 1880ల తరువాతి భాగమున, తంతువు ఒక్క కణమునుండియే మొలకవలె పుట్టి, ఖాళీగానున్న త్రోవ వెంట సాగిపోవునని వాదించెను. ముగ్గురి వాదములకును తగిన ప్రత్యక్షప్రమాణము లేకుండెను. మెదడు ముక్కను సూక్ష్మదర్శినిలో చూచినయెడల అల్లిబిల్లిగా చిక్కుపడిన నూలుకండె కనబడునుగాని ఏ పోగు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలియకుండెను.

ఆ చిక్కును విడదీయు సాధనము ఇటలీ దేశమున దొరకినది. 1873లో కమిల్లో గోల్జీ అను వైద్యుడు, ఒక చిన్న పట్టణములోని ఆసుపత్రి వంటయింటినే ప్రయోగశాలగా చేసికొని, పొటాసియము డైక్రోమేటులో నానిన మెదడు ముక్కను వెండి లవణపు నీటిలో ముంచి చూచెను. వేలకొలది కణములలో ఏ కొన్నియో మాత్రమే నల్లబడి, కొమ్మలు రెమ్మలతో సహా సంపూర్ణముగా కనబడినవి. అన్నియు నల్లబడియుండినచో మరల చీకటియే మిగిలెడిది. కొన్నియే రంగు పట్టుట ఆ పద్ధతి గొప్పతనము.

ఈ సాధనము పదునాలుగేండ్ల తరువాత స్పెయిను దేశస్థుడొకని చేతికి వచ్చెను. ఆయన సాంటియాగో రమోన్ యి కహాల్. 1852లో కొండప్రాంతపు పల్లెలో పుట్టినవాడు. చిన్నతనమున చదువనొల్లక బొమ్మలు గీయుచు తిరుగుచుండగా, వైద్యుడైన తండ్రి విసిగి మొదట మంగలివానియొద్దను, పిదప చెప్పులు కుట్టువానియొద్దను పనికి పెట్టెను. ఆ చిత్రలేఖనమే పిమ్మట ఆయనకు విద్యయైనది. 1887లో గోల్జీ పద్ధతిని చూచి, దానిని బాగుపరచి, ఒక తెలివైన మార్గమును త్రొక్కెను. ఎదిగిన జంతువుల మెదడు దట్టమైన యడవి వంటిది. అందులో ఒక చెట్టును వేరుగా చూచుట కష్టము. కావున ఆయన అడవిని విడిచి నారుమడిని చూచెను. కోడిగ్రుడ్లలోని కొలది దినముల పిండములను పరిశీలించెను. అచ్చట తంతువు లింకను పొట్టివి, పలుచనివి, వేరువేరుగా కనబడునవి.

1890లో కోడిపిండపు వెన్నుపామును చూచుచుండగా, పెరుగుచున్న ప్రతి తంతువు కొనను చిన్న ఉబ్బు కనబడెను. దానినుండి సన్నని వ్రేళ్ళవంటివి చాచుకొని యుండెను. కహాల్ దానికి వృద్ధిశంకువని పేరిడెను. ఆయన చూచినది ప్రాణము లేని, రంగు వేసిన ముక్క. అయినను ఆ రూపమును బట్టియే, అది త్రోవలోని యడ్డులను త్రోసికొనుచు ముందునకు సాగు సజీవమైన కొన యని గ్రహించెను. రెండేండ్ల పిదప, 1892లో, ఇంకొక యడుగు ముందునకు వేసెను. తెల్లరక్తకణములు కొన్ని పదార్థములవైపు ఆకర్షింపబడి పోవునని అప్పటికే తెలిసియుండెను. ఆ విధముగనే గమ్యస్థానములోని కణములు ఏదో పదార్థమును విడుచుచుండుననియు, వృద్ధిశంకువు దానిని పసిగట్టి యటువైపు పోవుననియు ఊహించెను. మల్లెతీగ కనబడకున్నను పరిమళమును బట్టి పెరటికి పోవు తుమ్మెదను తలచుకొనుడు. ఆ పదార్థమేదో కనుగొనుటకు లోకమునకు నూట రెండేండ్లు పట్టినది.

1906లో నోబెల్ బహుమానమును గోల్జీకిని కహాలునకును కలిపి యిచ్చిరి. సాధనమును కనిపెట్టినవాడొకడు, దానితో సత్యమును చూచినవాడు వేరొకడు. ఇరువురును ఒకే వేదికపై నిలిచియు ఏకాభిప్రాయులు కాలేదు. నాడీమండలమంతయు ఎడతెగని వల యని నమ్మిన గోల్జీ, తన బహుమానోపన్యాసమునందే కహాల్ మతమును ఖండించెను. మన తర్కశాస్త్రమున ప్రత్యక్షమే జ్యేష్ఠప్రమాణ మందురు. ఈ వాదమునకు ప్రత్యక్షము మరుసటి సంవత్సరమే లభించెను.

1907లో అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయములో రాస్ హారిసన్ అను శాస్త్రజ్ఞుడు కప్పపిండమునుండి వెన్నుపాము కాబోవు చిన్న ముక్కను తీసి, కప్ప శరీరమునుండియే తీసిన ద్రవబిందువులో నుంచి, గాజుపలకకు వ్రేలాడగట్టి, గాలి చొరకుండ మైనపుబంక పూసెను. ఆ బిందువు గడ్డకట్టి కణములకు ఆధారమయ్యెను. సూక్ష్మదర్శినిలో కన్నుపెట్టి చూచుచుండగా, కణమునుండి తంతువు బయలుదేరి, కొనయందలి వ్రేళ్ళను చాచుచు ముడుచుచు, అటునిటు తడవికొనుచు ముందునకు సాగెను. అక్కడ గొలుసు లేదు, వంతెన లేదు. కణము తన చేతిని తానే చాచుచున్నది. కహాల్ నిర్జీవమైన చిత్రమునుండి ఊహించిన నడకను హారిసన్ సజీవముగా చూచెను. శరీరమునకు వెలుపల కణములను పెంచు విద్యకు కూడ ఈ ప్రయోగమే నాంది.

పెరుగునని తేలినది. ఇక త్రోవ నెట్లు కనుగొనును? ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో లాంగ్లే అను పండితుడు 1895లోనే ఒక వింతను ప్రకటించియుండెను. పిల్లి మెడలోని ఒక నాడీకూటమునకు వెన్నుపామునుండి వచ్చు తంతువులను కోసి, మరల పెరుగనిచ్చి చూచెను. కంటిపాపను పెద్దది చేయు తంతువులు కంటిపాప సంబంధమైన కణములనే మరల చేరెను. చెవి రక్తనాళములను శాసించు తంతువులు వానికి సంబంధించిన కణములనే చేరెను. తంతువునకును, గమ్యమునకును నడుమ ఏదో రసాయనికమైన గుర్తు ఉండవలెనని ఆయన చెప్పెను. కాని ఆ మాట చాలకాలము మరుగున పడినది.

దానిని మరుగుపరచినవారిలో పాల్ వైస్ ముఖ్యుడు. వియన్నాలో చదివి, పిదప షికాగోలో ఆచార్యుడైన యీయన ప్రతిభావంతుడు. ఈయన మతమున తంతువులకు ప్రత్యేకమైన గమ్యము లేదు. నేలలోని పగులు వెంట నీరు ప్రాకునట్లు, చుట్టునున్న పదార్థపు పొరల పోకడను బట్టి అవి ప్రాకిపోవును. ఎక్కడ చేరినను, ఆ యవయవమునకు తగినట్లు తరువాత దిద్దుబడును. అనగా పుట్టుకలో కొరతయున్నను ఉపయోగముచేత సర్దుకొనునని తాత్పర్యము. ఉపాధ్యాయుడనైన నాకు, మీతో నిజము చెప్పుచున్నాను, ఈ మతము చదివినపుడు సంతోషము కలిగెను. ఎట్టి బాలుడనైనను అభ్యాసముచేత తీర్చిదిద్దవచ్చునను నమ్మకముతోనే గదా మేము బెత్తము పట్టితిమి.

అయితే వైస్ మతమును ఆయన శిష్యుడే పడగొట్టెను. రోజర్ స్పెర్రీ షికాగోలో వైస్ యొద్దనే చదివి 1941లో పట్టము పొందినవాడు. మొదట ఎలుకల కాలిలో, మడమ నెత్తు కండరమునకు పోవు నాడిని పాదమును పైకి వంచు కండరమునకును, దానిని దీనికిని మార్చి కలిపెను. అభ్యాసముచేత ఎలుక సర్దుకొనవలసియుండెను, సర్దుకొనలేదు. పిదప 1943 మొదలు నీటిబల్లుల మీదను, కప్పల మీదను చేసిన ప్రయోగములు ప్రసిద్ధములు. ఈ జంతువులలో కంటినాడి తెగినను మరల పెరిగి మెదడును చేరును. స్పెర్రీ కంటినాడిని కోసి, కనుగ్రుడ్డును సగము చుట్టు త్రిప్పి, పైభాగము క్రిందికి వచ్చునట్లు నిలిపెను. నాడి పెరిగెను, చూపు వచ్చెను. పైన ఈగను చూపినపుడు కప్ప క్రిందనున్న మట్టిమీద నాలుక చాచెను. క్రింద చూపినపుడు పైకెగిరెను. ఎంతకాలము గడచినను ఆ జంతువు తన తప్పును దిద్దుకొనలేదు.

దీని యర్థమేమి? కంటిలోని ప్రతి భాగమునుండి వచ్చు తంతువు, కన్ను తలక్రిందులైనను, తన పూర్వస్థానమునే వెదకికొని పోయినది. జాబుమీద చిరునామా వ్రాసియున్నయెడల, ఆ జాబును ఏ పెట్టెలో వేసినను అది ఆ యింటికే చేరును. ప్రతి తంతువునకును, ప్రతి గమ్యకణమునకును రసాయనికమైన చిరునామాలున్నవని స్పెర్రీ 1963లో సిద్ధాంతమును స్థిరముగా ప్రకటించెను. గురువు మతమును శిష్యుడు ఖండించుట మన శాస్త్రములలో క్రొత్త కాదు. శిష్యునిచేత ఓడిపోవుట గురువునకు కీర్తియని మన పెద్దలు చెప్పుదురు.

అయినచో అభ్యాసము వ్యర్థమా? ఈ సందేహము నన్ను కొంతకాలము బాధించెను. సమాధానము ఆ చరిత్రలోనే దొరకెను. 1960లలో హ్యూబెల్, వీజెల్ అను నిరువురు, పుట్టిన క్రొత్తలో పిల్లికూన యొక కంటిని మూసియుంచినయెడల, తరువాత తెరిచినను ఆ కంటికి చూపు సరిగా రాదనియు, మెదడులో ఆ కంటి భాగమును రెండవ కన్ను ఆక్రమించుననియు చూపిరి. కావున పెద్ద త్రోవలను జన్మసిద్ధమైన గుర్తులు నిర్ణయించును; ఆ త్రోవల చివరి సందుగొందులను ఉపయోగము చక్కబెట్టును. 1981లో నోబెల్ బహుమానమును స్పెర్రీకిని, హ్యూబెల్, వీజెల్ గారలకును ఒకే సంవత్సరమున పంచి యిచ్చిరి. విత్తనము, వ్యవసాయము రెండును కావలెనని మన రైతులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ చరిత్రలో ఒక స్త్రీ ధైర్యమును చెప్పక విడువరాదు. రీటా లెవి మోంటల్చీని ఇటలీలోని ట్యూరిను నగరమున 1909లో యూదుల కుటుంబమున జన్మించి వైద్యవిద్య నభ్యసించెను. 1938లో ముస్సోలినీ ప్రభుత్వము జాతిశాసనములను చేసి యూదులను విశ్వవిద్యాలయములనుండి వెడలగొట్టెను. ఆమె తన పడకగదినే ప్రయోగశాలగా మార్చికొని, కుట్టుసూదులను సానపట్టి పనిముట్లుగా చేసికొని, కోడిపిండములను పరిశీలించెను. నగరముపై బాంబులు పడ నారంభింపగా కుటుంబముతో పల్లెకు పోయి, రైతులయొద్ద గ్రుడ్లు సంపాదించి, ఆ పని విడువలేదు. ప్రయోగము ముగిసిన గ్రుడ్లు ఆ కరవుదినములలో వంటకు వచ్చెడివట.

అంతకుముందు విక్టర్ హాంబర్గర్ అను శాస్త్రజ్ఞుడు, తానును హిట్లరు శాసనములవలన జర్మనీలో ఉద్యోగము పోగొట్టుకొన్నవాడు, కోడిపిండమున రెక్కమొగ్గను త్రుంచివేసినచో దానికి పోవలసిన నాడీకణములు క్షీణించునని 1934లో ప్రకటించియుండెను. రీటా పల్లెలో చేసిన పని ఆయన దృష్టికి వచ్చి, 1947లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరమునకు ఆమెను పిలిపించెను. అచ్చట ఎలుకలలో పెరిగిన యొకానొక పుండుకండ దగ్గర నాడీతంతువులు విపరీతముగా పెరుగుట గమనించి, 1952లో బ్రెజిలులోని రియో నగరమునకు పోయి గాజుపలకపై ప్రయోగము చేయగా, నాడీకూటము చుట్టును తంతువులు సూర్యకిరణములవలె వెలువడెను. స్టాన్లీ కోహెన్ సహాయముతో ఆ పోషకపదార్థమును వేరుచేసిరి. దానికి నాడీవృద్ధికారకమని పేరు. 1986లో వారిరువురికిని నోబెల్ బహుమానము వచ్చెను. ఆమె 103 ఏండ్లు జీవించి 2012లో గతించెను.

ఈ కారకము బోధించిన పాఠము కఠినమైనది. పిండములో తంతువులు కావలసిన వానికంటె ఎక్కువగా బయలుదేరును. గమ్యమును చేరి అచ్చటి పోషకమును పొందినవి బ్రతుకును; పొందలేనివి నశించును. కోడిపిండపు వెన్నుపాములో కండరములకు పోవు కణములలో దాదాపు సగ మీ విధముగా పోవును. రైతు నారు వత్తుగా పోసి, నిలదొక్కుకొన్నవానిని నిలిపినట్లు ప్రకృతియు చేయుచున్నది.

త్రోవ చూపు పదార్థములు మాత్రము ఇంకను దొరకలేదు. 1976లో మైకేల్ బేట్ అను నతడు మిడుతపిండములలో, దూరములు తక్కువగా నున్న తొలిదినములలోనే కొన్ని తంతువులు ముందుగా బయలుదేరి దారి వేయుననియు, తరువాతివి వాని వెంట పోవుననియు చూపెను. అడవిలో మొదట నడచినవాని జాడ పిమ్మట కాలిబాటయగుట వంటిది. కాని ఆ మొదటివానికి దారి చెప్పినదెవరు?

1994లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునందలి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున టెస్యే లవీన్, ఆయన సహచరులు దీనికి సమాధానము చెప్పిరి. వెన్నుపాము పిండములో వెనుకవైపున పుట్టిన కొన్ని తంతువులు ముందువైపునకు వంగి, నడిమిగీతను దాటి ఆవలి ప్రక్కకు పోవును. వానిని పిలుచు పదార్థమును వెదకుచు, సుమారు 25,000 కోడిపిండముల మెదళ్ళనుండి వడగట్టి యొక ప్రోటీనును వేరుచేసిరి. కహాల్ 1892లో ఊహించినట్టి పదార్థమిది. వారు దానికి నెట్రిన్ అని పేరు పెట్టిరి. పెద్దలారా, ఈ పేరును చదివినపుడు నా మేను పులకరించినది. ఇది మన సంస్కృతములోని నేతృ శబ్దమునుండి వారు బుద్ధిపూర్వకముగా గ్రహించిన పేరు. నీ ధాతువునకు తీసికొనిపోవుట యని యర్థము. దానిపై తృచ్ ప్రత్యయము చేరి నేతృ శబ్దమైనది, నడిపించువాడని భావము. నాయకుడు, నీతి, నేత్రము అను మాటలును ఆ ధాతువునుండి పుట్టినవే. బాల్యమున గురువు ముందు కూర్చుండి వల్లించిన శబ్దము కోడిపిండపు వెన్నుపాములో నాకు మరల వినబడెను. ఇంతమాత్రముచేత మన పూర్వులకు ఈ ప్రోటీను తెలియునని చెప్పుట సత్యము కాదు. పేరు మనది; శ్రమ వారిది.

ఇంకొక విశేషము. మట్టిలో నుండు నూలిపురుగు వంటి చిన్న క్రిమిలో కూడ ఇట్టి ప్రోటీనే తంతువులను నడుపుచున్నదని తెలిసినది. క్రిమికిని కోడికిని మనకును త్రోవ చూపునది ఒకే కులపు పదార్థము. నడిమిగీతలోని కణములే దూరమునుండి పిలుచునని మొదట తలచిరి. 2017 నుండి జరిగిన పరిశోధనలలో, త్రోవ పొడుగునను పరచియున్న నెట్రిన్ పాత్ర కూడ గొప్పదని తేలినది. శాస్త్రమున సిద్ధాంతము ఈ విధముగా సవరింపబడుచునే యుండును.

పిలుపు మాత్రమే చాలదు. పొలమునకు దారియు కావలెను, కంచెయు కావలెను. 1993లో తంతువు కొనను ముడుచుకొనిపోవునట్లు చేయు పదార్థములను కనుగొనిరి. పండ్ల మీది చిన్న ఈగలలో నడిమిగీత యొద్ద స్లిట్ అను నిషేధకమున్నది. తంతువు మొదట దానిని లెక్కసేయక దాటును. దాటిన పిదప తన కొనపై దానిని గుర్తించు గ్రాహకమును నిలుపుకొనును. కావున మరల వెనుకకు రాదు. ఆ గ్రాహకము లోపించిన ఈగలలో తంతువులు గీత చుట్టును గానుగెద్దువలె తిరుగుచుండును. 1995లో జర్మనీలోని ట్యూబింగెన్, అమెరికాలోని హార్వర్డు శాస్త్రజ్ఞులు, కంటితంతువులు చేరు మెదడు భాగమున ఒక కొననుండి రెండవ కొనకు క్రమముగా హెచ్చు నిషేధకములను చూపిరి. స్పెర్రీ చెప్పిన చిరునామా ఇదియే. ప్రతి యింటికి వేరు పేరు లేదు. వీధి మొదట తక్కువ, చివర ఎక్కువ యను పరిమాణ భేదముచేతనే తంతువు తన చోటును గుర్తించును. మనకున్న జన్యువులు సుమారు ఇరువదివేలు మాత్రమే, తంతువులు కోట్లు. ఇట్టి పొదుపు లేనిచో పని జరుగదు.

ఇక నా శిష్యుని ప్రశ్నకు వచ్చెదను. ఈ విద్యను స్థాపించిన కహాలే 1913, 1914 సంవత్సరములలో ప్రకటించిన పెద్ద గ్రంథమున, ఎదిగిన మెదడు వెన్నుపాములలో తంతువులు తిరిగి పెరుగవని నిష్ఠురముగా తేల్చెను. అయినను ఆ శాసనమును మార్చు భారమును భవిష్యచ్ఛాస్త్రమునకే విడిచెను. ఆయన శిష్యుడు టెల్లో 1911లోనే, చేతికాళ్ళ నాడిముక్కను మెదడులో నాటినచో తంతువులు దానిలోనికి ప్రాకుట చూచియుండెను. 1981లో కెనడాలోని మాంట్రియలులో డేవిడ్, అగ్వాయో అను వారు ఎలుక కాలినాడి ముక్కను వంతెనగా కట్టి, వెన్నుపాము తంతువులు దానిలో మూడు సెంటీమీటర్ల వరకు పెరుగుట చూపిరి. కాని వంతెన దాటి మరల వెన్నుపామును చేరిన వెంటనే ఆగిపోయెను. అనగా తంతువునకు శక్తి కొంత కలదు. నేలలోనే ప్రతికూలత యున్నది. 1988లో మార్టిన్ ష్వాబ్ మొదలగువారు, వెన్నుపాములో తంతువులకు చుట్టిన కొవ్వుపొరయందే పెరుగుదలను ఆపు పదార్థములున్నవని చూపిరి. గాయము మానిన చోట ఏర్పడు మచ్చయు గోడవలె నిలుచును. చేతికాళ్ళ నాడులలోనో, తెగిన తంతువునకు చుట్టునున్న కణములే శిథిలములను తొలగించి, వరుసగా నిలిచి, దారి చేసి యిచ్చును. నా చేయి బాగగుటకును, వాని కాళ్ళు బాగుకాకుండుటకును ముఖ్యకారణ మీ భేదము.

ఈ సంగతిని నేను మొన్న అతనికి చెప్పితిని. దాచలేదు. నూనెలచేతను, మంత్రములచేతను, పసరులచేతను తెగిన వెన్నుపాము అతుకుననువారికి రూపాయి యీయవద్దంటిని. అప్పటికే అతడు రెండు మేకలను అమ్మియుండెను. ఎలుకలలో ఫలించినది మనుష్యులకు స్థిరమైన చికిత్సగా ఇంకను రాలేదని చెప్పితిని. అతడు కొంతసేపూరకుండి, "అయితే దారి మూసుకుపోయిందిగాని, నడిచేవాడు చావలేదన్నమాట" అనెను. నూరేండ్ల శాస్త్రమును వాడొక్క మాటలో చెప్పెను.

పెద్దలారా, ఒక్క విన్నపముతో ముగించెదను. చెట్టునుండియో, మేడనుండియో, బండినుండియో ఎవరైనను పడినపుడు, చేతులు కాళ్ళు పట్టి మూటవలె ఎత్తకుడు, కూర్చుండబెట్టకుడు. మెడను, నడుమును వంగనీయక, నలుగురు కలిసి కదలకుండ పట్టి, గట్టి బల్లమీదనో తలుపురెక్కమీదనో పరుండబెట్టి ఆసుపత్రికి కొనిపొండు. విరిగిన యెముక అతుకవచ్చును. ఎత్తునపుడు నలిగిన వెన్నుపామునకు నేటికిని అతుకు లేదు. నా శిష్యుని ఆ దినమున ఇరువురు భుజముపై వేసికొని మోసిరి. వారు ప్రేమతోనే మోసిరి. ఎట్లు మోయవలెనో వారికి చెప్పినవారు లేరు. వారిలో నొకడును నా బడిలో చదివినవాడే.